గమ్మున కట్టమంటే గమ్ముతో కట్టిన దండ

పావగడ తాలూకా బలసముద్రం పక్కన సోలార్ పార్కులో ఒక బ్లాకుకు నన్ను క్లీనింగ్ సూపర్‌వైజరుగా వేసింది పార్కు నిండుగా కరెంటు ఇవ్వడం మొదలైన మరుసటి ఏడు, శనక్కాయ పీకే కాలంలో. అంతకుముందు అదే బ్లాకులో ప్యానెళ్ళు తుడిచే గ్యాంగులో కూలికి చేరి, తర్వాత మేస్త్రినయ్యాను. హోదాల లెక్కలో సూపర్‌వైజరు పెద్దదేమీ కాదు. పైన సైట్ ఇన్‌చార్జి, ఆయన కింద షిఫ్ట్ ఇంజనీర్లు, వాళ్ళ కింద మా వంటివాళ్ళం, మా కింద గ్యాంగు. బడి గడప ఎక్కని నాకు, ఇంట్లో నాన్న పలక మీద దిద్దించిన తెలుగు, కన్నడ అక్షరాలతోనే ఆ పని దక్కింది. అందుకని పొద్దున్నే మొదటి ప్యానెల్ అంచుకు చెయ్యి తగిలించి కళ్ళకద్దుకునేదాన్ని. ఆ అలవాటు చూసి నవ్వినవాళ్ళున్నారు. నవ్వి, తర్వాత తామూ అదే చేసినవాళ్ళూ ఉన్నారు.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చెప్పబోయేది అర్థం కాదు. ప్యానెల్ అంటే పైన గాజు, దాని అడుగున నల్లటి పలకలు. గాజు మీద దుమ్ము కూర్చుంటే కరెంటు తగ్గుతుంది. దుమ్ము తీయడం సులువే, గాజును గీయకుండా తీయడమే పని. పొడిగుడ్డతో రుద్దకూడదు. ఎండకు కాలిన గాజు మీద చల్లటి నీళ్ళు పోయకూడదు, చిట్లుతుంది. మా పావగడ బోరునీళ్ళు వాడకూడదు, ఆరాక తెల్లగా ఉప్పు తేలుతుంది. ప్లాంటులో శుద్ధిచేసిన నీళ్ళు ట్రాక్టరు ట్యాంకులో తెచ్చుకొని, పొద్దు పైకి రాకముందే పై నుంచి కిందికి ఒకే వాటంగా తుడుచుకుంటూ పోవాలి. తుడిచాక చివరగా ఒక చెంబెడు నీళ్ళు పోసి చూస్తాం. గాజు నిజంగా శుభ్రమైతే నీళ్ళు ఒకే పొరగా పరుచుకొని జారతాయి. ఎక్కడన్నా జిడ్డు మిగిలితే అక్కడ నీళ్ళు నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. దానికి మా గ్యాంగు ఆడవాళ్ళు పెట్టుకున్న మాట 'నీళ్ళు విరగడం'. పాలు విరిగినట్టే. "అక్కా, మూడో వరసలో నీళ్ళు విరిగినాయి" అంటే మళ్ళీ తుడవాలని అర్థం.

ఇంకొక పని కూడా మా మీద ఉండేది. ప్యానెళ్ళ వరసల నుంచి వైర్లన్నీ వచ్చి చేరే పెట్టెలుంటాయి. వాటికి వైర్లు దూరే కంతల్లోంచి బల్లులు, చీమలు లోపలికి పోయి కాలిపోయేవి, పెట్టెనూ కాల్చేవి. ఆ కంతలను సిలికాన్ సీలెంటుతో మూస్తాం. పొడుగాటి గొట్టంలో వస్తుంది, తుపాకీ లాంటి దానిలో పెట్టి నొక్కితే దారంలా కారుతుంది. కారినప్పుడు వెన్న, పులిసిన వాసన. ఒక రోజు గాలి తగిలితే రబ్బరు. వానకు నానదు, ఎండకు కరగదు. ఆ ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగక అందరం గమ్ము అనేవాళ్ళం. కథంతా ఆ మాటతోనే వచ్చింది.

మా గ్యాంగులో అంజినమ్మ అని ఉండేది. పనిలో చురుకు, మాటలో ఇంకా చురుకు. గమ్ము తుపాకీ పట్టుకుంటే ఆమె చెయ్యి వణకదు, కంత చుట్టూ గీత గీసినట్టు పోస్తుంది. ఆమె తమ్ముడు గంగాధర బెంగళూరులో చాలా ఏండ్లు ఇంకొకరి బండి తోలి, ఆ ఏడు సొంత బండి తెచ్చుకున్నాడు. నల్ల బండి. నలుపంటే మామూలు నలుపు కాదు. పక్కన నిలబడితే మన ముఖం, వెనక ఆకాశం, ఆ వెనక ప్యానెళ్ళ వరసలు అన్నీ అందులో లోతుగా కనబడేవి. నిండిన బావిలోకి తొంగి చూసినట్టుండేది. కంపెనీకి వచ్చే అతిథులను తిప్పడానికి ఏడాది బాడుగకు ఒక బండి కావాలని, బండ్లు చూసే ఆఫీసరు దసరా అయిన సోమవారం బెంగళూరు నుంచి వచ్చి ఎంచుతాడని మాట వచ్చింది. బండి ఒంటి మీద మచ్చ ఉండకూడదని షరతు. ఆ బాడుగ దక్కితే గంగాధర ఊర్లోనే ఉంటాడు. దక్కకపోతే బండిని తీసుకొని మళ్ళీ బెంగళూరు దారి పట్టాల్సిందే. అంజినమ్మకు ఉన్న పుట్టింటి దిక్కు ఆ తమ్ముడొక్కడే.

ఆయుధపూజ నాడు ప్లాంటులో అన్నిటికీ పూజ చేస్తాం. తుడిచే కర్రలు, ట్రాక్టరు, కొడవళ్ళు, ఇన్వర్టరు గది తలుపు, బండ్లు. ఇన్‌చార్జి సారు ధార్వాడ వైపు మనిషి, పూజ సామాను తక్కువైతే ఊరుకోడు. గంగాధర తన బండినీ తెచ్చి వరసలో నిలిపాడు. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. బంతిపూలను మేము చెండుపూలంటాం. ఆ పూల దండ ఒకటి బారెడు పొడుగున అంజినమ్మ తానే కట్టి తెచ్చింది.

మా దగ్గర గాలి చెప్పి రాదు. చెట్టూ చేమా లేని మైదానం, వరసల మధ్య సందుల్లోంచి ఈల వేస్తూ వస్తుంది. పాత జీపులకైతే దండ కట్టడానికి ముందర కమ్మీలుంటాయి. ఈ కొత్తబండి ముందు భాగమంతా గుడ్డులా నున్నగా ఉంది, దారం ముడి వేసే చోటు లేదు. దండను పెట్టడం, గాలి ఎత్తుకుపోవడం. పూజ మధ్యలో దండ కింద పడితే బండికి మంచిది కాదని మా నమ్మకం. సారు హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డాడు. అవతల గుమ్మడికాయ పగలగొట్టడానికి గుంపు చేరింది. గంగాధర అక్కడి నుంచి చెయ్యూపి అరిచాడు, "అక్కా, గమ్మున కట్టు!" అని. గమ్మున అంటే మా వైపు త్వరగా అని.

గాలిలో ఆ మాట ఎంత చేరిందో ఆ తల్లికే తెలియాలి. అంజినమ్మ పరిగెత్తి సామాన్ల పెట్టెలోంచి గమ్ము తుపాకీ తెచ్చింది. బానెట్టు మీద చంద్రవంకలా ఒక వరస పోసింది, కంతలు మూసినంత నేర్పుగా. దాని మీద దండ అద్దింది. దండ కదలలేదు. హారతి అయింది. అందరం చిత్రాన్నం, గుగ్గిళ్ళు తిన్నాం. బండి సాయంత్రం దాకా ఎండలో ఉంది.

మరుసటి రోజు గంగాధర ఆ బండిలో వై.ఎన్.హొసకోట పోయి వచ్చాడు. దండలో పూవు రాలలేదు. బస్టాండు దగ్గర మనుషులు ఆగి చూశారట, ఎవరు కట్టినారప్పా ఈ దండ అని. మా అక్క అని చెప్పుకున్నాడట కూడా. ఇంటికొచ్చి దండ తీద్దామని లాగితే దారం వచ్చింది, పూలు వచ్చాయి, పూల అడుగులు బండి మీదే ఉండిపోయాయి. నల్లటి నున్నని రంగు మీద తెల్లటి రబ్బరు వంక, దాని నిండా పసుప్పచ్చ రేకులు.

వాడికి కోపం వచ్చింది. చేతిలో ఉన్న రూపాయి బిళ్ళతో ఒక చివర గీకాడు. గమ్ము ఒక వడియమంత లేచింది. దాంతోపాటు రంగు మీద వెంట్రుకంత తెల్లటి గీత పడింది. అక్కడితో భయపడి ఆపాడు.

పొద్దున అక్కాతమ్ముళ్ళిద్దరూ నా దగ్గరికే వచ్చారు, కానీ వేర్వేరుగా. మాట్లాడుకోవడం లేదు. గంగాధర నాకు చెప్పుకున్నాడు, "నేను గమ్మున కట్టమంటి లచ్చుమక్కా. గమ్ముతో కట్టమంటినా?" అని. నాలుగడుగుల దూరంలో అంజినమ్మ నిలబడి, ఆమె కూడా నాతోనే, "గమ్ము అనే మాట నా చెవిలో పడింది. తక్కిన మాట గాలి ఎత్తుకపోయింది. నన్నేం జేయమంటావు?" అంది. గ్యాంగుకు ఇది పండగైంది. గమ్ము పెట్టి గమ్మునుండాది చూడప్పా అని ఒకతె, గమ్మునుండడమంటే నోరు మూసుకోవడం కూడా. "అంజినమ్మా, నీ తమ్ముని పెండ్లికి దండలు మాత్రం నువ్వు ఎయ్యొద్దే, ఇడిపియ్యను మా చేత కాదు" అని ఇంకొకతె. అంజినమ్మ నవ్వలేదు. ఎప్పుడూ ఒకటికి రెండు అనే మనిషి నోరెత్తకపోయేసరికి మిగతావాళ్ళూ ఊరుకున్నారు.

సోమవారానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. రంగు వేసే ఖాదర్ దగ్గరికి పోదామన్నాను. హొసకోటలో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఆయనది. ముందు సీట్లో గంగాధర, వెనక సీట్లో నేను, నా పక్కన అంజినమ్మ.  ఖాదర్ బండిని దూరం నుంచే చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "అది సిలికానా? ఆడనే నిలపప్పా. షెడ్డు గడప దాటించొద్దు" అన్నాడు. మసూచి వచ్చిన ఇంటివాళ్ళను ఆపినట్టు ఆపాడు. నాకు కొంచెం బాధేసింది.

తర్వాత బయటికొచ్చి కారణం చెప్పాడు. ఆ గమ్ము గట్టిపడినా దాంట్లోంచి ఒక నూనె రంగులోకి ఎక్కుతుందట. పైన రబ్బరంతా తీసేసినా ఆ నూనె పొర నిలిచి ఉంటుంది, కంటికి కనపడదు. దాని మీద కొత్త రంగు కొడితే రంగు అక్కడ నిలవకుండా పక్కకు జరిగిపోతుంది, అంతా చేపకండ్ల లాంటి గుంటలు పడతాయి. "గుడ్డకు అంటుకోని ఆ గుడ్డ ఇంకో బండికి తగిలినా అంతే. మళ్ళీ రంగేస్తే పోతాది అనుకోకండి. ముందు అది పోవల్ల, ఆమైన రంగు. అది పోతే రంగే అక్కర్లేదు" అన్నాడు.

నేను ఆయన మాటలు వింటూ ఆ వంకను చూస్తున్నాను. ఇంత కనపడని పొర, ఇంత పెద్ద రంగును దగ్గరికి రానివ్వదా అని ఆశ్చర్యం. ప్యానెల్ మీద పక్షి రెట్ట జిడ్డు చేసే పని కూడా ఇదే కదా అనిపించింది కానీ, గాజుకున్న సంగతి రంగుకు కలిపి చూడాలని అప్పుడు తోచలేదు.

ఎలా తీయాలో కూడా ఆయనే ఉచితంగా చెప్పాడు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. బ్లేడు వద్దు, పెట్రోలు వద్దు, థిన్నరు అసలు వద్దు, రంగునే తింటుంది. బండిని గోరువెచ్చగా అయ్యేదాకా లేత ఎండలో పెట్టి నీడకు తేవాలి. బొటనవేలితో అంచు నుంచి నెడుతూ ఉంటే గమ్ము చుట్టలు చుట్టుకొని లేస్తుంది. గట్టి చోట ప్లాస్టిక్ ముక్కతో, పడుకోబెట్టి నెట్టాలి. చివరికి మిగిలే జిడ్డుకు, రంగు వేసేముందు తాము తుడిచే స్పిరిటు ఒక సీసా ఇచ్చాడు. కనపడని మూల ఒకటి చూసి అక్కడ ముందు తుడిచి చూడమన్నాడు.

ఆ మధ్యాహ్నం పని అయ్యాక మా గ్యాంగు ఆడవాళ్ళు నలుగురు బండి చుట్టూ చేరారు. ఎవరినీ పిలవలేదు. చెండురేకులను నీళ్ళతో నానబెట్టి తీశారు. తర్వాత వంక మీద బొటనవేళ్ళు పెట్టారు. శనక్కాయలు వలిచి వలిచి కాయలు కాచిన వేళ్ళు అవి. అలా నెట్టుతుంటే గమ్ము సన్నటి పురుగుల్లా చుట్టుకొని రాలింది. చూస్తుండగానే వంక మొత్తం పోయింది. స్పిరిటు పోసిన గుడ్డతో అంతా గట్టిగా రుద్దారు. ఎవరో ఇంటి నుంచి శనక్కాయ నూనె తెచ్చి పైన పూశారు, మెరుస్తుందని. నిజంగానే మెరిసింది. ఆఖరికి సీకాయ పొడితో కడిగి తుడిచారు. గంగాధర బండి చుట్టూ తిరిగి చూశాడు. వాడు గీకిన గీత తప్ప ఏమీ లేదు. నలుపు నలుపుగా ఉంది. అందరికీ దణ్ణం పెట్టాడు, అక్కకు తప్ప.

తెల్లవారి మేము పనికి వచ్చేసరికి బండి గేటు దగ్గర నిలిపి ఉంది. ఆ వారం పొద్దున పూట మంచు పడుతోంది. ప్యానెళ్ళన్నీ మంచుతో బూడిదరంగుగా ఉన్నాయి. బండి కూడా అలాగే ఉంది. కానీ బానెట్టు మీద, ఆ మంచులో, దండ ఉంది.

 బండి మొత్తం మీద మంచు సన్నటి పొరలా పట్టి ఉంటే, వంక ఉన్న చోట మాత్రం పెద్ద పెద్ద చుక్కలుగా, ముత్యాలు గుచ్చినట్టు నిలిచింది. పూవు పూవుకూ వేరుగా గుర్తు. చుట్టూ, ముందురోజు రుద్దిన మేర, ఇంకా చిన్న చుక్కలు పరివేషంలా. ఎవరో కంటికి కనపడని చేతితో అదే దండను మళ్ళీ వేసినట్టుంది. నలుగురం నోరు తెరుచుకొని నిలబడ్డాం. అంజినమ్మ రెండు చేతులూ జోడించింది. "అమ్మవారు ఇయ్యనంటాండాదక్కా. తీసుకున్న దండ తిరిగి ఇయ్యదంట" అంది.

నేను ఆమెను కాదనలేదు. నా మనసులో కూడా ముందు వచ్చింది దణ్ణమే. పెట్టాను. ఆ తర్వాత దగ్గరికి పోయి చూశాను. ఆ చుక్కలు నాకు తెలిసిన చుక్కలు. నీళ్ళు విరిగాయి, అంతే. మేము రోజూ గాజు మీద చెంబుతో పోసి చూసే పరీక్షను మంచు ఆ రాత్రి మా కోసం రంగు మీద చేసి పెట్టింది. కారణం తెలిసింది కదా అని ఆశ్చర్యం తగ్గలేదు. తెలిసినాక ఇంకా ఎక్కువైంది. మేమందరం కళ్ళతో చూసి అయిందన్నాం. కాలేదని చెప్పింది నీటిచుక్క.

చుట్టూ ఉన్న ఆ పరివేషమే నాకు దారి చూపింది. గమ్ము ఉన్నది వంక మీద, జిడ్డు ఉన్నది బానెట్టు సగం మీద. అంటే మేమే పరిచాం. ఒకే గుడ్డను తిప్పి తిప్పి రుద్దితే గుడ్డ జిడ్డును ఎత్తుకోదు, ఇక్కడిది అక్కడ పూస్తుంది. ఖాదర్ చెప్పిన మాట, గుడ్డకు అంటుకొని ఇంకో బండికి పోతుందన్నది, ఇదే బండికి కూడా వర్తిస్తుందని మాకు అర్థం కాలేదు. స్పిరిటుతో ఒక తుడుపు తుడిచి ఆ గుడ్డను పక్కన పడేయాలి. రెండో తుడుపుకు కొత్త గుడ్డ. ఒకే వైపుకు, వత్తకుండా. అలా ఎన్ని గుడ్డలు కావాలో అన్ని.

గుడ్డలు ఎక్కడివి? ప్లాంటులో ప్యానెళ్ళు తుడిచే మెత్తటి గుడ్డలు బస్తాలు ఉన్నాయి. వాటిని వద్దన్నాను. వాటి పోగుల్లో ఎక్కడో ఒక ఇసుక రేణువు దాగి ఉంటుంది. గాజు ఓర్చుకుంటుంది, నల్ల రంగు ఓర్చుకోదు. నల్లదాని మీద వెంట్రుక గీత కూడా సూర్యుడి కింద కనిపిస్తుంది. పాత నూలు గుడ్డ కావాలి, ఉతికి ఉతికి మెత్తబడినది, చెంపకు రాసుకుంటే గరుకు తగలనిది. ఇన్‌చార్జి సారుకు సంగతి చెప్తే ఆయన నవ్వలేదు. కరెంటు సామాన్లు తుడిచే స్పిరిటు ఇంకొక సీసా ఇప్పించాడు, మంట దగ్గరికి రానీయకండి, గాలి ఆడేచోట చేయండి అని కన్నడలో జాగ్రత్తలు చెప్పి.

ఆదివారం పొద్దున అంజినమ్మ ఒక చీర తెచ్చింది. ఒకప్పుడు ఇటుకరంగు అయి ఉంటుంది. ఇప్పుడు ఏ రంగో చెప్పలేం, వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి కనపడేటట్టు ఉంది. నేను చెంపకు రాసుకొని చూశాను. గాలి తగిలినట్టుంది. ఇది సరిపోతుందన్నాను. ఆమె అంచు దగ్గర పంటితో కొరికి చించడం మొదలుపెట్టింది.

గంగాధర వెనక చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. చీర చినిగే చప్పుడుకు తల ఎత్తాడు. పండగ తర్వాత అక్కతో మొదటిసారి మాట్లాడాడు.

"అది నేను పెట్టిన చీర కదా?"

"నువ్వు పెట్టిందే. బెంగళూరులో మొదటి జీతం తీసుకున్నప్పుడు."

"దాన్నేటికి చించుతాండావు? వేరేది లేదా?"

"ఉండాయి. కొత్తవి గీతలు పెడ్తాయంట. దీన్ని కట్టీ కట్టీ నేనే మెత్తజేసినా."

 వాడు లేచి వచ్చి చీర రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో వైపు పట్టి లాగితే చీర నిట్టనిలువుగా, గీత గీసినట్టు చినిగింది. అలా అరచేయంత ముక్కలు చేశారు. పొట్టు చెరిగినట్టు వాటిని జాడించి నాకు అందించారు.

ఆ రోజు తుడిచింది అక్కాతమ్ముళ్ళే. నేను పక్కన నిలబడి చెప్పేదాన్ని. బానెట్టు చల్లగా ఉండాలి. ముక్కకు స్పిరిటు తడి చేసి, బయటి అంచు నుంచి లోపలికి ఒక తుడుపు. ఆ ముక్క పక్కకు. మళ్ళీ కొత్త ముక్క. లోపలి నుంచి బయటికి తుడిస్తే పరుచుకుంటుంది, బయటి నుంచి లోపలికి తుడిస్తే కూడుకుంటుంది. ఇది చెప్తే సులువుగా ఉంటుంది, చెయ్యి వినదు. ఎవరి చెయ్యైనా రుద్దాలనే చూస్తుంది. ఒకసారి గంగాధర మరిచిపోయి అదే ముక్కను తిప్పబోతే అంజినమ్మ వాడి చేతి మీద ఒక్కటి వేసింది. "గమ్మున కాదప్పా, మెల్లగ" అంది. ముందు వాడు నవ్వాడు. తర్వాత ఆమె నవ్వింది. నేను మాత్రం స్పిరిటు వాసనకని చెప్పి పక్కకు తిరిగాను.

మధ్యమధ్యలో చెంబుతో నీళ్ళు పోసి చూశాం. నీళ్ళు విరిగాయి. మళ్ళీ తుడిచాం. వంక చివర్లు ముందు పోయాయి, నడుమ ఆలస్యంగా పోయింది. చీర ముక్కలు సగానికి పైగా అయిపోయాయి. పొద్దు వాలుతుండగా శుద్ధిచేసిన నీళ్ళు ఇంకొక చెంబు తెప్పించి, బానెట్టు పై అంచు నుంచి మెల్లగా వదిలాను.

నీళ్ళు విరగలేదు. పలచటి గాజు పరిచినట్టు ఒకే పొరగా దిగాయి. అంత పెద్ద నలుపు మీద ఎక్కడా ఒక్క చుక్క విడిపోలేదు. ఆ పొరలో పడమటి ఆకాశమంతా ఉంది, ఎర్రగా. ఆకాశం కింద మా బ్లాకు, వరసలు వరసలుగా, చివర కొండ దాకా. ఒకప్పుడు మా నాన్న శనక్కాయ వేసి వాన కోసం ఎదురు చూసిన నేల అదంతా. ఇప్పుడు నల్లగాజు పరుచుకొని సూర్యుడి కోసం ఎదురు చూస్తోంది. అంతటినీ నాలుగు మూరల బండిరేకు మీద నీళ్ళు పట్టుకొని నిలబడ్డాయి. నేను ఎన్నో ఏండ్లు రోజూ చూసిన చోటే అది. కానీ ఆ సాయంత్రం దాకా అది ఇంత అందమైనదని నాకు తెలియదు.  నీళ్ళు జారిపోయేదాకా చూశాం. సూర్యనారాయణ స్వామికి ఒక దణ్ణం పెట్టుకున్నాను.

మరుసటి పొద్దున కూడా మంచు పడింది. చూడడానికి అందరికంటే ముందు వచ్చింది అంజినమ్మ. మంచు బానెట్టు మీద ఒకే తీరుగా పట్టి ఉంది. దండ లేదు. "ఇచ్చేసింది తల్లి" అంది. నేను కాదనలేదు.

ఆఫీసరు పది దాటినాక వచ్చాడు. బాడుగ కోసం వచ్చి నిలిచిన మూడు బండ్లనూ చూశాడు. నల్లబండి దగ్గర వంగి, బానెట్టును పక్క నుంచి, వెలుతురు వాలుగా పడేటట్టు చూశాడు. ఆయనకు తెలుసు ఎలా చూడాలో. గమ్ము ఆనవాలు ఆయన కంటికి పడలేదు. పడింది రూపాయి బిళ్ళ గీత. ఇదేమిటని అడిగాడు. నేను అంజినమ్మ వైపు చూశాను. ఆమె నోరు తెరవబోయింది. అంతలో గంగాధర, "అది నేనే గీకినాను సార్, కోపంలో" అన్నాడు. ఆఫీసరు వాడి ముఖం చూసి, వేలితో గీతను తడిమి, కోపం వచ్చే డ్రైవరు అతిథులకు పనికిరాడే అన్నాడు. గంగాధర తల వంచుకున్నాడు. "దాని గురించి అబద్ధం చెప్పే డ్రైవరు అసలు పనికిరాడు" అని మాట పూర్తిచేసి, బండిని ఎంచుకున్నాడు.

గంగాధర ఊర్లోనే ఉన్నాడు. నేను రిటైరైన రోజు నన్ను ఇంటి దగ్గర దింపింది ఆ బండిలోనే. దిగేటప్పుడు బానెట్టు చూశాను. అంతటి గమ్ము, ఎండకూ వానకూ లొంగనిది, పూర్తిగా పోయింది. రూపాయి బిళ్ళ ఒక్క క్షణంలో పెట్టిన గీత అలాగే ఉంది.

తర్వాత నేను పనిచేసినన్నాళ్ళు మా గ్యాంగులో రెండు పద్ధతులు నడిచాయి. ఎంత మెరిసినా నీళ్ళు పోసి చూడకుండా 'అయింది' అని ఎవరూ అనలేదు. ఎంత ఎండిన రెట్టనైనా గోటితో గీకనివ్వలేదు. నానబెట్టి కూర్చున్నాం. ఇంజనీర్లు ఆలస్యమని అడిగితే ఒకటే చెప్పేదాన్ని. పట్టుకున్న మురికి ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది, దాన్ని తీసే చెయ్యి కిందున్నదాన్ని గీయకుండా ఉంటే చాలు. ఆయుధపూజకు దండలు దారంతోనే కట్టాం. గాలికి పడితే తీసి మళ్ళీ కట్టాం.